కోడ్ ఫార్మాటరు డాక్యుమెంటేషన్

సోర్సు కోడ్‌ను ఒకే పద్ధతిలో అమర్చే ఉపకరణాన్ని కోడ్ ఫార్మాటరు అంటారు. ఆ ఉపకరణాన్ని ఎలా నడపాలో, అది దేనిని మారుస్తుందో, దేనిని మార్చదో తెలిపే వివరణ పత్రాలే కోడ్ ఫార్మాటరు డాక్యుమెంటేషన్. చాలాకాలం ఈ పత్రాలను ప్రోగ్రామర్లు మాత్రమే చదివేవారు. 2024-25 నుండి కృత్రిమ మేధ ఏజెంట్లు కూడా వీటిని చదివి, వాటిలోని ఆదేశాలను స్వయంగా నడుపుతున్నాయి. పత్రంలో ఏదైనా లోపం ఉంటే మనిషి అనుభవంతో సరిదిద్దుకొంటాడు. ఏజెంటు విషయంలో అదే లోపం నేరుగా ఫైళ్ళలో మార్పుగా పరిణమించవచ్చు. అందువలన ఏజెంట్ల కొరకు వ్రాసే పత్రాలకు కొన్ని ప్రత్యేక పద్ధతులు ఏర్పడుతున్నాయి.

చరిత్ర

ప్రోగ్రామును చదవడానికి వీలుగా అమర్చే ఉపకరణాలు 1960వ దశకం నుండి ఉన్నాయి. లిస్ప్ భాష కొరకు బిల్ గోస్పర్ 1967లో తయారుచేసిన ప్రోగ్రాము వీటిలో తొలితరానికి చెందినది. 1976లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ విల్‌కాక్స్ సీ భాష కొరకు "ఇండెంట్" అనే ప్రోగ్రాము వ్రాశాడు. ఇది తరువాత బర్కిలీ యూనిక్స్‌లో భాగమయింది. 1980లో డెరెక్ ఓపెన్ ప్రచురించిన అల్గారిథమ్, పొడవైన వాక్యాలను ఎక్కడ విరిచి తరువాతి వరుసకు మార్చాలో త్వరగా నిర్ణయించే మార్గం చూపింది.

ఇండెంట్ వంటి పాత ఉపకరణాలలో పదుల కొద్దీ ఐచ్ఛికాలు ఉండేవి. బ్రాకెట్టు ఏ వరుసలో ఉండాలి, ఇండెంటుకు ఎన్ని ఖాళీలు వదలాలి అనే విషయాలపై ప్రతి బృందమూ చర్చించుకొని తమ శైలిని ఏర్పరచుకొనేది. 2009లో గో భాషతో పాటు వెలువడిన గో-ఎఫ్ఎంటీ ఈ పద్ధతిని మార్చివేసింది. శైలిని ఉపకరణమే నిర్ణయించి, ఎంపికలను దాదాపుగా తొలగించింది. జావాస్క్రిప్ట్ కొరకు జేమ్స్ లాంగ్ 2017లో విడుదల చేసిన ప్రెట్టియర్, పైథాన్ కొరకు లూకాష్ లంగా 2018లో విడుదల చేసిన బ్లాక్ ఇదే బాట పట్టాయి. పైథాన్ కొరకే ఏస్ట్రల్ సంస్థ రస్ట్ భాషలో వ్రాసిన రఫ్ అనే ఉపకరణానికి 2023లో ఫార్మాటరు జతచేయబడింది. ఇది చాలావరకు బ్లాక్ శైలినే అనుసరిస్తుంది.

వరుస పొడవుకు కూడా చరిత్ర ఉన్నది. 1928లో ఐబీఎం ప్రవేశపెట్టిన పంచ్ కార్డులో 80 నిలువు గడులు ఉండేవి. ఆ సంఖ్య తరువాత కంప్యూటరు తెరలకు, అక్కడినుండి కోడ్ వ్రాసే అలవాటుకు సంక్రమించింది. పైథాన్ శైలి మార్గదర్శి అయిన పెప్-8 (2001) 79 అక్షరాలను సూచిస్తుంది. ప్రెట్టియర్‌లో ఇది 80, బ్లాక్‌లో 88. గో-ఎఫ్ఎంటీ వరుస పొడవును నియంత్రించదు.

అమరిక యొక్క ప్రాముఖ్యత

చాలా భాషలలో ఖాళీలు, ఇండెంట్లు మారినంత మాత్రాన ప్రోగ్రాము అర్థం మారదు. అయినప్పటికీ అమరిక చదివేవారిని తప్పుదారి పట్టించగలదు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ సరిచేసిన "గోటూ ఫెయిల్" లోపం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. సురక్షిత సంధానాలను పరీక్షించే కోడ్‌లో ఒకే గోటూ ఆదేశం పొరపాటున వరుసగా రెండుసార్లు పడింది. రెండవది కూడా షరతుకు లోబడినట్లుగా లోపలికి జరిపి వ్రాయబడి ఉన్నది. వాస్తవానికి అది షరతుతో సంబంధం లేకుండా ఎల్లప్పుడూ నడిచేది. దానితో సర్వరు సంతకాన్ని తనిఖీ చేసే భాగం అమలు కాకుండానే పోయేది. ఫార్మాటరు నడిపి ఉంటే ఆ రెండవ వరుస ఎడమవైపుకు జరిగి, తప్పు కంటికి కనబడేది. 2016లో విడుదలైన జీసీసీ 6వ వెర్షన్‌లో, తప్పుదారి పట్టించే ఇండెంట్లపై హెచ్చరించే సదుపాయం చేర్చబడింది.

ఏజెంట్ల ప్రవేశం

కృత్రిమ మేధ ఏజెంటు అనగా ఒక పెద్ద భాషా నమూనా ఆధారంగా పనిచేస్తూ, ఫైళ్ళను చదివి, మార్చి, ఆదేశాలను నడిపి, వాటి ఫలితాలను చూసి తరువాతి చర్యను ఎంచుకొనే ప్రోగ్రాము. ఏజెంట్లు బయటి ఉపకరణాలతో సంభాషించడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ప్రకటించింది. అదే సంస్థ కోడ్ వ్రాసే క్లాడ్ కోడ్ అనే ఏజెంటును 2025 ఫిబ్రవరిలో పరిచయం చేసింది.

ఏజెంట్ల కొరకు సూచనలను ప్రాజెక్టులోనే ఒక ఫైలుగా ఉంచే పద్ధతి క్రమంగా ప్రచారంలోకి వచ్చింది. మొదట ఒక్కొక్క ఏజెంటుకు ఒక్కొక్క పేరుగల ఫైలు ఉండేది. వీటికి ఉమ్మడి రూపంగా ఏజెంట్స్.ఎండీ అనే ఫైలు 2025 ఆగస్టులో ప్రతిపాదించబడింది. 2025 డిసెంబరులో లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఏర్పడిన ఏజెంటిక్ ఏఐ ఫౌండేషన్‌కు ఇది అప్పగించబడింది. ఇంతకు ముందే, 2024 సెప్టెంబరులో, వెబ్‌సైట్ల సమాచారాన్ని భాషా నమూనాలకు సంక్షిప్తంగా అందించే ఎల్ఎల్ఎంస్.టీఎక్స్‌టీ అనే ఫైలును జెరెమీ హోవర్డ్ ప్రతిపాదించాడు.

సాధారణంగా రీడ్‌మీ ఫైలు కొత్తగా చేరిన ప్రోగ్రామరును ఉద్దేశించి వ్రాయబడుతుంది. ఏజెంట్స్.ఎండీలో ప్రాజెక్టును ఎలా నిర్మించాలి, ఎలా పరీక్షించాలి, ఏ ఫార్మాటరు నడపాలి వంటి ఆచరణీయ విషయాలు మాత్రమే ఉంటాయి.

వివరణ పత్రంలో ఉండవలసిన అంశాలు

ఖచ్చితమైన ఆదేశం: "కోడ్‌ను చక్కగా ఫార్మాట్ చేయవలెను" అనే వాక్యం ఏజెంటుకు చాలదు. ఏ ఉపకరణం, ఏ ఫోల్డరు నుండి, ఏ ఐచ్ఛికాలతో, ఏ ఫైళ్ళపై నడపాలో తెలిపే పూర్తి ఆదేశం ఉండాలి. లేనిపక్షంలో ఏజెంటు తనకు శిక్షణలో ఎక్కువగా కనబడిన ఉపకరణాన్ని ఎంచుకొనే అవకాశం ఉన్నది. రఫ్ వాడే ప్రాజెక్టులో బ్లాక్‌ను నడపడం ఈ విధంగా జరగగల పొరపాటు.

చూడడమా, వ్రాయడమా: ఫార్మాటర్ల సహజ ప్రవర్తన ఒకే విధంగా ఉండదు. బ్లాక్‌కు ఫైలు పేరు ఇస్తే అది నేరుగా ఆ ఫైలునే మార్చివేస్తుంది. ప్రెట్టియర్, గో-ఎఫ్ఎంటీలు మార్చిన పాఠాన్ని తెరపై చూపుతాయి తప్ప, ప్రత్యేక ఐచ్ఛికం ఇవ్వకపోతే ఫైలును ముట్టుకోవు. ఒక ఉపకరణం అలవాటును మరొకదానికి ఆపాదిస్తే, మార్చకూడని ఫైలు మారిపోతుంది. లేదా ఏమీ మారకపోయినా పని ముగిసిందని ఏజెంటు నివేదిస్తుంది.

ఎగ్జిట్ కోడ్: ఒక ఆదేశం ముగిసినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇచ్చే సంఖ్యను ఎగ్జిట్ కోడ్ అంటారు. ఫలితం ఏమిటో గ్రహించడానికి ఏజెంటుకు ఇది ఉపయోగపడుతుంది. తనిఖీ పద్ధతిలో నడిపినప్పుడు బ్లాక్, ప్రెట్టియర్‌లు అన్ని ఫైళ్ళు సక్రమంగా ఉంటే 0, ఏదైనా ఫైలు మారవలసి ఉంటే 1 ఇస్తాయి. ఉపకరణంలోనే దోషం ఏర్పడితే బ్లాక్ 123, ప్రెట్టియర్ 2 ఇస్తాయి. "ఫైలు సరిగా లేదు" అనడానికి, "ఫైలును పరిశీలించలేకపోయాను" అనడానికి మధ్యనున్న ఈ తేడాను పత్రంలో తెలపాలి. గో-ఎఫ్ఎంటీలో జాబితా ఐచ్ఛికం వాడితే, అమరిక మారవలసిన ఫైళ్ళ పేర్లు తెరపై వస్తాయి. అక్కడ జాబితా ఖాళీగా ఉన్నదా లేదా అన్నదే గమనించవలసిన విషయం.

వెర్షన్: ఫార్మాటరు శైలి కాలక్రమంలో మారుతుంది. బ్లాక్ తన స్థిర శైలిలో మార్పులను ఏడాదికి ఒకసారి, ఆ సంవత్సరపు మొదటి విడుదలలో ప్రవేశపెడుతుంది. ప్రాజెక్టులో వాడే వెర్షన్‌ను స్పష్టంగా పేర్కొనకపోతే, ఏజెంటు తాజా వెర్షన్‌ను స్థాపించుకొని, ఎవ్వరూ కోరని మార్పులు చేయగలదు.

మినహాయింపులు: యంత్రం తయారుచేసిన ఫైళ్ళు, ఇతర ప్రాజెక్టుల నుండి తెచ్చిన కోడ్, పరీక్షల కొరకు ఉద్దేశపూర్వకంగా వంకరగా ఉంచిన నమూనాలు మొదలైనవి ఫార్మాటరుకు అందరాదు. వీటిని ఉపకరణపు కాన్ఫిగరేషన్ ఫైలులోనే నమోదు చేయడం ఉత్తమం. అప్పుడు ఏజెంటు పత్రాన్ని సరిగా చదవకపోయినా ఉపకరణమే అడ్డుపడుతుంది.

విఫలమైనప్పుడు చేయవలసినది: వ్యాకరణ దోషం ఉన్న ఫైలును ఫార్మాటరు అమర్చలేదు. అటువంటప్పుడు ఏజెంటు తనిఖీని తొలగించడం, ఆ ఫైలును మినహాయింపుల జాబితాలో చేర్చడం వంటి అడ్డదారులు తొక్కకుండా, దోషాన్ని సరిచేయాలని లేదా ఆగిపోయి మనిషికి తెలియజేయాలని పత్రంలో వ్రాయాలి.

ఉదాహరణ

మంగళగిరిలోని ఒక చేనేత సహకార సంఘం అమ్మకాల లెక్కల కొరకు పైథాన్‌లో 40 ఫైళ్ళ ప్రోగ్రాము ఉన్నదనుకొందాం. పండుగ రిబేటు 20 శాతం నుండి 30 శాతానికి పెరిగింది. ఆ ఒక్క మార్పు చేయమని ఏజెంటును కోరారు. ప్రాజెక్టు పత్రంలో "మార్పుల తరువాత బ్లాక్ నడపవలెను" అని మాత్రమే ఉన్నది.

ఏజెంటు రిబేటు ఉన్న వరుసను మార్చి, ప్రాజెక్టు ఫోల్డరు మొత్తంపై బ్లాక్‌ను నడుపుతుంది. అంతకు ముందెన్నడూ ఫార్మాట్ చేయని పాత ఫైళ్ళన్నీ మారిపోతాయి. పరిశీలకుని ముందు వేల వరుసల తేడాలు నిలుస్తాయి. వాటి మధ్య, రిబేటు లెక్కించే మరొక వరుసలో ఏజెంటు చేసిన పొరపాటు వల్ల, కొన్ని బిల్లులలో రిబేటు రెండుసార్లు తగ్గుతుంది. ఆ వరుస కూడా మిగిలినవాటి వలె ఖాళీల మార్పేనని భావించి పరిశీలకుడు ఆమోదిస్తాడు. నష్టం సంఘం ఖాతాలో, ఆపై మగ్గం మీద కూర్చున్నవారి కూలిలో తేలుతుంది.

ఇందులో ఫార్మాటరు దోషమేమీ లేదు. అది తనకు ఇచ్చిన ఫైళ్ళను సక్రమంగానే అమర్చింది. ఏజెంటు కూడా పత్రంలోని ఆదేశాన్ని అక్షరాలా పాటించింది. లోపం పత్రంలో ఉన్నది. "ఈ పనిలో మార్చిన ఫైళ్ళపై మాత్రమే నడపవలెను, అంతకు ముందు ఫార్మాట్ కాని ఫైలైతే, అమరికను విడి కమిట్‌గా చేయవలెను, కోడ్ మార్పును, అమరిక మార్పును ఒకే కమిట్‌లో కలపరాదు" అనే మూడు వాక్యాలు ఉంటే పరిశీలకుని ముందు ఒకటి రెండు వరుసలే నిలిచేవి, పొరపాటు వెంటనే కనబడేది.

పాత ప్రాజెక్టు మొత్తాన్ని ఒకేసారి ఫార్మాట్ చేయవలసి వస్తే అది ప్రత్యేకమైన కమిట్‌గా ఉండాలి. ఏ వరుసను ఎవరు, ఎప్పుడు వ్రాశారో వెదికేటప్పుడు అటువంటి కమిట్లను విస్మరించే సదుపాయం 2019 ఆగస్టులో విడుదలైన గిట్ 2.23 నుండి ఉన్నది.

తెలుగు పాఠ్యమున్న కోడ్

పై ఉదాహరణలోని ప్రోగ్రాములో చీరల పేర్లు, బిల్లుపై ముద్రించే మాటలు తెలుగులో ఉండడం సహజం. ఇటువంటి ఫైళ్ళ విషయంలో కొన్ని అదనపు సంగతులను పత్రంలో నమోదు చేయవలసి ఉంటుంది.

మొదటిది వెడల్పు. "మంగళగిరి" అనే మాటను చదివేవారు 5 అక్షరాలుగా గుర్తిస్తారు: మం, గ, ళ, గి, రి. యూనికోడ్‌లో సున్న, రెండు గుడులు వేరు వేరు సంకేతాలు కనుక ఇందులో 8 సంకేతాలు ఉన్నాయి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి కనుక ఇది 24 బైట్లు. యూనికోడ్ పట్టికలో గుడి స్థలం ఆక్రమించని గుర్తుగా, సున్న స్థలం ఆక్రమించే గుర్తుగా నమోదయ్యాయి. ఆ ప్రకారం స్థలం ఆక్రమించని గుర్తులను వదిలి లెక్కిస్తే 6 అవుతుంది. కాబట్టి వరుస పొడవు 80 దాటిందా లేదా అన్నది ఉపకరణం ఏ లెక్కను వాడుతుందనే దానిపై ఆధారపడి ఉంటుంది. గో-ఎఫ్ఎంటీ నిలువు వరుసలను సరిచేయడానికి వాడే ట్యాబ్‌రైటర్ ప్రతి యూనికోడ్ సంకేతాన్ని సమాన వెడల్పు గలదిగా భావిస్తుంది. అందువలన తెలుగు పాఠ్యం తరువాత వచ్చే వ్యాఖ్యలు తెరపై వంకరగా కనబడవచ్చు. వాటిని చేతితో సరిచేసే ప్రయత్నం వృథా, మరుసటిసారి ఫార్మాటరు వాటిని మరల జరుపుతుంది. ఈ సంగతి పత్రంలో ఉంటే ఏజెంటు ఫార్మాటరుతో పోటీపడి అవే వరుసలను పదే పదే మార్చకుండా ఉంటుంది.

రెండవది పేర్లు. పైథాన్ 3.0 (2008) నుండి చలరాశులకు తెలుగు పేర్లు పెట్టవచ్చును. గో భాషలో పేర్లకు అక్షరాలు, అంకెలు మాత్రమే చెల్లుతాయి. గుణింతపు గుర్తులు, సున్న యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు. కావున "మంగళగిరి" అనే పేరు పైథాన్‌లో చెల్లుతుంది, గో భాషలో చెల్లదు.

మూడవది కంటికి కనబడని సంకేతాలు. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో ట్ తరువాత వకారం వత్తుగా మారకుండా ఉండడానికి సున్న వెడల్పు గల ఒక విభజన సంకేతం వాడతారు. అది పోతే మాట "సాఫ్ట్వేర్"గా మారిపోతుంది. ఫార్మాటర్లు సాధారణంగా ఉల్లేఖన చిహ్నాల మధ్యనున్న పాఠాన్ని మార్చవు. కాని ఏజెంటు ఫైలును తిరిగి వ్రాసేటప్పుడు ఈ సంకేతం జారిపోయే అవకాశం ఉన్నది. "తెలుగు పాఠ్యంలోని సంకేతాలను యథాతథంగా ఉంచవలెను" అని చెప్పి, దానిని సరిచూసే పరీక్ష ఒకటి ప్రాజెక్టులో ఉంచడం మేలు.

పత్రం ఏ భాషలో ఉండాలి

భాషా నమూనాలు పాఠాన్ని టోకెన్లు అనే ముక్కలుగా విడగొట్టి చదువుతాయి. ఏజెంటు ఒకేసారి దృష్టిలో ఉంచుకోగల టోకెన్లకు పరిమితి ఉన్నది. ఆంగ్లంతో పోల్చితే తెలుగు పాఠానికి సాధారణంగా ఎక్కువ టోకెన్లు అవసరమవుతాయి. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల సందర్భంగా ఓపెన్ఏఐ ఇచ్చిన ఉదాహరణలో, పాత పద్ధతిలో 159 టోకెన్లు పట్టిన తెలుగు పాఠం కొత్త పద్ధతిలో 45 టోకెన్లకు తగ్గింది. వ్యత్యాసం ఈ విధంగా తగ్గుతున్నందున, తెలుగు మాత్రమే తెలిసినవారు కూడా పరిశీలించవలసిన ప్రాజెక్టులలో నియమాలను తెలుగులో వ్రాయడం ఇదివరకటి కంటే సులభమయింది. ఆదేశాలు, ఫైళ్ళ పేర్లు మాత్రం ఉపకరణం అంగీకరించే రూపంలోనే ఉండాలి.

భద్రత

ఏజెంటు చదివే పత్రం ఒక విధంగా దానికి ఆజ్ఞాపత్రం. కాబట్టి ఆ ఫైలును మార్చగలిగినవారు ఏజెంటు ప్రవర్తనను కూడా మార్చగలరు. ఏజెంట్ల నియమాల ఫైళ్ళలో కంటికి కనబడని యూనికోడ్ సంకేతాలతో రహస్య ఆదేశాలను దాచవచ్చునని 2025 మార్చిలో పిల్లర్ సెక్యూరిటీ సంస్థ పరిశోధకులు చూపారు. దీనికి విరుగుడుగా కనబడని సంకేతాలన్నిటినీ తొలగించే నియమం పెడితే, పైన చెప్పిన విభజన సంకేతం కూడా పోయి తెలుగు మాటలు చెడిపోతాయి. అందువలన ఏయే సంకేతాలు ఏయే లిపుల మధ్య అనుమతించబడతాయో విడివిడిగా పేర్కొనడం అవసరం. పత్రంలో జరిగే మార్పులను కోడ్ మార్పులతో సమానంగా పరిశీలించాలి.

ఫార్మాటరును అంతర్జాలం నుండి నేరుగా దింపుకొని నడిపే ఆదేశాలను పత్రంలో ఉంచకపోవడం మంచిది. ప్రాజెక్టుతో పాటు స్థాపించబడిన, వెర్షన్ నిర్ణయించబడిన ప్రతిని మాత్రమే నడపాలి.

పరిమితులు

పత్రం ఎంత స్పష్టంగా ఉన్నా ఏజెంటు దానిని ప్రతిసారీ పాటిస్తుందనే హామీ లేదు. పెద్ద పనిలో మొదట చదివిన నియమం తరువాత ప్రభావం కోల్పోవచ్చు. అందుచేత తప్పనిసరి అయిన నియమాలను పత్రానికి మాత్రమే వదిలివేయక యంత్రానికి అప్పగిస్తారు. కమిట్‌కు ముందు నడిచే తనిఖీలు, సర్వరులో నడిచే పరీక్షలు, ఫైలు మారిన ప్రతిసారీ ఫార్మాటరును దానంతట అదే నడిపే హుక్‌లు ఇందుకు ఉపయోగపడతాయి. క్లాడ్ కోడ్‌లో ఇటువంటి హుక్‌ల సదుపాయం 2025లో చేర్చబడింది.

ఫార్మాటరు అర్థాన్ని కాపాడుతుందే తప్ప సరిచేయదు. బ్లాక్ తాను మార్చిన ఫైలును తిరిగి విశ్లేషించి, ప్రోగ్రాము నిర్మాణం మారలేదని సరిచూసుకొంటుంది. కాని మొదటి నుండీ తప్పుగా ఉన్న రిబేటు లెక్క ఎంత అందంగా అమర్చినా తప్పుగానే ఉంటుంది. పైథాన్‌లో ఇండెంటు అర్థంలో భాగం. అందువలన అక్కడ పొరపాటున లోపలికి జరిగిన వరుసను ఫార్మాటరు సరిచేయలేదు. తనిఖీలో 0 వచ్చినంత మాత్రాన ప్రోగ్రాము సరియైనదని ఏజెంటు నివేదించరాదని కూడా పత్రంలో వ్రాయడం అవసరం.

ఇవి కూడా చూడండి

సోర్సు కోడ్
పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష)
గో (ప్రోగ్రామింగ్ భాష)
గిట్
యూనికోడ్
తెలుగు లిపి
కృత్రిమ మేధస్సు
మంగళగిరి